పిల్లి తరవాతే కెప్టెన్

విమానాలు నడిపే ఆ పెద్దాయనకి ఒకటే పిచ్చి. ముందొచ్చినవాళ్ళదే ముందు. లిఫ్టులో పక్కన నిలబడ్డ మనిషిని కూడా "తమరు ఉద్యోగంలో ఎప్పుడు చేరారు?" అని అడగందే ఊపిరాడదు. ఇంట్లోకి అల్లుడికంటే పిల్లి ముందొచ్చింది కనక పాలు ముందు దానికే. ఆ మిగిలినవాటితో కాఫీ పెట్టేదాకా అల్లుడు చేతులు కట్టుకుని కూచోవాల్సిందే. వాళ్ళు ఆ ఇంట్లో దిగేనాటికే పిల్లి అక్కడుంది కనక ఆయన కంచం కూడా దాని తరవాతే.

"మీ అమ్మ తరవాతేగా నేను?" అని ఒకసారి భార్య దెప్పింది.

"ఆవిడ నీకంటే సీనియరు కదే" అన్నాడు, తడుముకోకుండా.

అయినా ఆవిడకి లోలోపల గర్వమే. కంపెనీ పైలట్ల జాబితాలో మొగుడిది మొదటి పేరు. ఏ విమానం నడపాలో, ఎప్పుడు సెలవు కావాలో ఆయన ఏరుకున్నాకే మిగతావాళ్ళకి. ఆవిడ మెట్లు దిగే తీరులోనే ఆ ఒకటో నంబరు కనపడేది.

ఇంతలో ఆ కంపెనీ ఇంకో చిన్న కంపెనీని కొనేసింది. రెండు జాబితాలూ కలిపి ఒకటి చెయ్యాలి. మనం పైన, కొనుక్కున్నవాళ్ళు అడుగున అని పెద్ద కంపెనీ పైలట్లు పట్టుబట్టారు. అడుగున పడితే అక్కడి కెప్టెన్లు మళ్ళీ కో-పైలట్లుగా పక్క సీట్లోకి జరగాలి. కింది వాటాలో ఉండే అమ్మాయి వాళ్ళలోదే. అప్పుడే కెప్టెనైంది, దానికి గుర్తుగా భుజం మీద కుట్టిన నాలుగో చారకి ఇంకా కొత్త మెరుపు పోలేదు. దాన్ని విప్పెయ్యాలేమోనని అన్నం మానేసి కూచుంది.

మీటింగులో పెద్దాయన లేచాడు. కంపెనీ పేరు చూడొద్దు, ఎవరు ఏ రోజు చేరారో అదే చూడమన్నాడు. చిన్న కంపెనీ నిన్నగాక మొన్న పుట్టిందనుకుని తనవాళ్ళంతా చప్పట్లు కొట్టి మరీ ఒప్పుకున్నారు. తీరా చూస్తే పేరు మార్చి పెట్టిన బోర్డే కొత్తది, కంపెనీ పాతదే, మనుషులూ పాతవాళ్ళే. కొత్త జాబితాలో మొదటి పేరు ఆ కంపెనీ బట్టతలాయనది. మన పెద్దాయన రెండు.

భార్య అగ్గిమీద గుగ్గిలమైంది. "ఆయన మీకంటే ముందు చేరాడని తెలీదా?"

"తెలుసు. లిఫ్టులో అడిగాను."

"తెలిసి తెలిసి కొరివితో తల గోక్కున్నారా?"

"నేనొక్క మెట్టు దిగితే కింది వాటా పిల్ల చార నిలిచిందే. ఇంకా ఎంతమందివో."

 

సాయంత్రానికి చిన్న కంపెనీ పైలట్లంతా గుమ్మం ముందు మూగారు. ముందు నాలుగో చార అమ్మాయి, మొహం చాటంత చేసుకుని. ఆయన తలుపు తీసి, లోపలికి రమ్మనడం మానేసి, "ముందెవరొచ్చారు?" అన్నాడు. మెట్లన్నీ నవ్వాయి.

అందరూ వెళ్ళాక ఆవిడ మొదటి కంచం మొగుడి ముందు పెట్టింది. ఆయన ఇబ్బందిగా పిల్లి వంక చూశాడు.

"తినండి. దాన్ని నేను ఒప్పించాను" అంది.