చిన్నమ్మ చేసిన రేకు

పులివెందులలో ఇంజనీరింగు చదివే మా మనవరాలు మొన్న ప్రొద్దుటూరు వచ్చినప్పుడు సెల్‌ఫోనులో పాతకాలపు విదేశీ సినిమా తార ఫొటో ఒకటి చూపించి, ప్రపంచయుద్ధం రోజుల్లో ఈవిడ శత్రువులకు చిక్కకుండా రేడియో సంకేతాలు ఒక తరంగం మీది నుంచి ఇంకో తరంగం మీదికి దూకే ఉపాయం కనిపెట్టిందనీ, పెద్దలేమో దాన్ని మూలన పడేసి, నీ అందంతో యుద్ధానికి నిధులు పోగుచేసిపెట్టమన్నారనీ చెప్పింది. వినగానే నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

చిన్నమ్మ నాటకాల్లో కథానాయిక. ఆమె వేదికెక్కితే జనం రెప్ప వాల్చేవాళ్లు కాదు. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కరెంటు లేనిచోట నాటకాలన్నీ గ్యాసు లైట్ల కిందే. జమ్మలమడుగు దగ్గర పెన్నా ఇసుకలో పందిరి వేస్తే ఏటి గాలికీ తుంపరకూ లైటు గాజు టప్పున పగిలేది, నాటకం చీకట్లో ఆగిపోయేది, ఇక ఈలలే ఈలలు. ఆ ఈలలు పడలేక చిన్నమ్మ, వంటింట్లో అట్లకాడ సరిగా పట్టుకోదని మా అవ్వ చేత రోజూ తిట్లు తినే మనిషి, నూనె డబ్బా కత్తిరించి, వంచి, కింద చిల్లులు పొడిచి, లైటు వెనక గాలికి అడ్డంగా తగిలించే రేకు చేసింది. వేళ్లన్నీ కోతలే. అందుకు ఆమె కోరిందల్లా ఒకటే, అది తను చేసిందని నలుగురిలో ఒక్క మాట చెప్పమని.

లైట్లన్నిటికీ ఆ రేకులు తగిలించిన మొదటి రోజు గాలి పందిరిని ఊపేసినా లైట్లు చెక్కుచెదరలేదు. అప్పటి అలవాటు ప్రకారం నాటకం మధ్యలో ఆపి బహుమతులు చదివిన హార్మోనిస్టు, లైట్లు కాపాడిన ఘనత నాటక సమాజం నడిపే పెద్దాయనకు కట్టబెట్టి, చిన్నమ్మకు మాత్రం ఆమె అందాన్ని మెచ్చి ఎవరో ఇచ్చిన వెండి పతకం అందించాడు. చిన్నమ్మ ముందుకొచ్చి, "మొగం దేవుడిచ్చినాడప్పా, ఆ రేకు మాత్రం నేను చేసినా" అనేసింది. అది కూడా నాటకంలో హాస్యమనుకొని జనం విరగబడి నవ్వి, "వన్స్‌మోర్" అని కేకలు పెట్టారు. వన్స్‌మోర్ అన్నాక మళ్లీ చెయ్యక తప్పదు కదా, అదే నిజాన్ని ఆమె నవ్వుతూ మళ్లీ చెప్పింది. బండిలో ప్రొద్దుటూరు తిరిగొచ్చేటప్పుడు మా అమ్మ భుజం మీద తల పెట్టి ఒకటే ఏడుపు. ఆ జనం మీద నాకు ఇప్పటికీ కోపమే.

తర్వాత చెన్నూరు, వల్లూరు, రాజుపాలెం నాటకాల వాళ్లూ ఆ రేకులే వాడారు, పెద్దాయన రేకులని పేరు పెట్టుకొని. ఇప్పుడు ఆ నాటకాలూ లేవు, గ్యాసు లైట్లూ లేవు, వీధి పొడుగునా పట్టపగల్లాంటి వెలుతురు. ఇదంతా విన్న మనవరాలు, "అవ్వా, ఆయమ్మ ఫొటో ఉందా? శానా బాగుంటాదేమో!" అంది.

ఫొటోలకేం, ట్రంకుపెట్టెలో నాలుగైదు ఉన్నాయి. ఆ రేకే, ఒక్కటైనా ఎవరూ దాచిపెట్టలేదు.