నీకెంత కష్టమని అడిగిన డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారని ఆమె దగ్గర పనిచేసిన నర్సు నిన్న ఫోన్ చేసి చెప్పింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలలేకపోయాను.

తొంభైల నాటి సంగతి. సిద్దిపేటలో మా బట్టల దుకాణం, దాని వెనకే ఇల్లు. మా మామగారికి మతిమరుపు మొదలై, మెల్లగా అది అనుమానంగా మారింది. ఒక సాయంత్రం కర్ర పట్టుకుని తలుపుకు అడ్డం నిలబడ్డారు. లోపల నేను, చంకలో పసిపిల్ల. "నా ఇంట్ల నువ్వెవరు?" అంటూ కర్ర ఎత్తారు. మావారు పరుగెత్తుకొచ్చి పట్టుకోకపోతే ఏమయ్యేదో.

మర్నాడు బావగారు గొలుసు తెచ్చారు. వెనక గదిలో కట్టేయాలన్నారు. ఒక్కసారి డాక్టరుకు చూపిద్దామని మావారు బతిమాలారు.

డాక్టరమ్మ ఇంటికే వచ్చారు. ముందు మామగారి పక్కన కింద కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. తర్వాత ప్రశ్నలు. కొడుతున్నాడా, తిరుగుతున్నాడా, లేని మనుషులు కనిపిస్తున్నారా, వారానికి ఎన్నిసార్లు, ఎంత తీవ్రంగా? బావగారు అన్నిటికీ ఒకటే జవాబు చెప్పారు, ఎప్పుడూ అంతేనని.

"దినమంత ఆయన దగ్గరుండేదెవరు?" అని అడిగి, మగవాళ్లను దుకాణంలోకి పంపేశారు.

"కొట్టేముందు ఏమైతది? అది చెప్పు బిడ్డా."

ఆలోచిస్తే తెలిసింది. చీకటి పడేవేళ, తడిసిన ధోవతి మార్చబోయినప్పుడే ఎక్కువ.

"ఇదంత నీకెంత కష్టమైతుంది? సున్న నుంచి అయిదు దాక చెప్పు."

నన్ను అంతవరకు ఎవరూ అలా అడగలేదు. ఆమె తొందరపెట్టకుండా కూర్చున్నారు. చివరికి అయిదన్నాను.

పరీక్ష చేయిస్తే మూత్రంలో చీము ఉందని తేలింది. ఆ మంట చెప్పుకోలేకే ఆయన తిరగబడుతున్నారట. మందులిచ్చి, పొద్దుగూకకముందే లైటు వేయమని, ఎదురుగా వచ్చి చెప్పాకే ముట్టుకోమని నేర్పారు. బావగారితో మాత్రం కటువుగానే అన్నారు: "గొలుసేస్తే భయం పెరుగుతది. నాకు కొన్ని దినాలియ్యి. తగ్గకపోతే అప్పుడు మాట్లాడుదాం."

వచ్చినప్పుడల్లా అవే ప్రశ్నలు. కొంచెం నయమంటే ఒప్పుకునేవారు కాదు. "నయమంటే ఎంత? సరిగ చెప్పు," అనేవారు. కొట్టడం ఆగింది. అనుమానం పూర్తిగా పోలేదు. నా అయిదు రెండుకు దిగిన రోజు బావగారు గొలుసు తీసుకెళ్లి ఎవరికో ఇచ్చేశారు. మామగారు నన్ను మళ్లీ గుర్తుపట్టలేదు గానీ, గొలుసు లేకుండా తన మంచం మీదే కన్నుమూశారు.

డాక్టరమ్మ అనగానే నాకు ఒక మధ్యాహ్నం కనిపిస్తుంది. మామగారు ఆమెను గిరాకి అనుకుని దుబ్బాక నేతచీర మడతలు విప్పి చూపిస్తున్నారు. ఆమె చాప మీద కూర్చుని, అంచును వేళ్లతో తడిమి చూస్తున్నారు.

"మంచిగుంది. ఇంకోటి చూపియ్యి సేటూ," అంటున్నారు.