ఎండ నలుగురి మీదా కాసింది

మా మరిది ఏ పెళ్ళికెళ్ళినా ఈ కథ చెబుతాడు. "బెజవాడ మనిషి కదా, ఎండ ఓ లెక్కా అని తీసుకెళ్ళాం. పాపం, ఎడారి ఎండ మా వదినకి పడలేదు." విన్నవాళ్ళు అయ్యో అనేసి భోజనాల వైపు నడుస్తారు. శుద్ధ అబద్ధం. ఆ రోజు ఎండ నలుగురి మీదా కాసింది. ముగ్గురు సాయంత్రం ఇంటికొచ్చి శుభ్రంగా బిరియానీ తిన్నారు. కిడ్నీలు పోగొట్టుకోబోయింది నేనొక్కదాన్నే. ఎండకి నా మీదే పగ ఉందనుకోవాలా?

2003 మే నెలాఖరున మస్కట్ వెళ్ళాం. మరిది ఉద్యోగం అక్కడ. నేను గవర్నర్‌పేటలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను, సెలవులు అప్పుడే. ఎడారి దేశానికి మే నెలలో ఎవరైనా వెళ్తారా అన్నాను. "రోహిణి కార్తెలో బెజవాడలో బతికేవాళ్ళం, మనకేంటే?" అన్నారు మావారు. మా ఊరివాళ్ళకి ఎండని తట్టుకోవడం ఒక డిగ్రీ. పేరు పక్కన రాసుకోవడమే తక్కువ.

మూడో రోజు ఇసుక తిన్నెలు చూడ్డానికి కార్లో బయలుదేరాం. ముందు సీట్లలో అన్నదమ్ములు, వెనక నేనూ, మా తోడికోడలు సుశీలా. నేను పొద్దుట కాఫీ తప్ప ఏమీ తాగలేదు. చల్లపల్లిలో అమ్మ దగ్గరికి పామర్రు మీదుగా బస్సులో వెళ్ళిన ఇరవై ఏళ్ళలో పడిన అలవాటది. ప్రయాణమంటే ఆడవాళ్ళం ముందు నీళ్ళు మానేస్తాం, తర్వాత చీర కట్టుకుంటాం. ఈ దారిలో అయితే ప్రతి బంకులోనూ బాత్‌రూమ్ ఉంది. కానీ సుశీల ఒకసారి కారాపమంది. "అప్పుడేనా? ఆడవాళ్ళతో ప్రయాణమంటే ఇంతే, బంకు బంకుకీ ఓ దణ్ణం పెట్టుకుంటూ పోవాలి," అన్నాడు మరిది. మావారు పడీపడీ నవ్వారు. ఆ తర్వాత సుశీల "తాగక్కా" అని సీసా ఎన్నిసార్లు ఇచ్చినా నేను ముట్టుకోలేదు. అరవై మంది పిల్లలకి ప్రాథమిక హక్కులు బోధించే నోరు నాది!

అక్కడ చెమట కనపడదు. పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. మా ఊళ్ళో జాకెట్టు తడిసి వీపుకి అంటుకుంటే గానీ ఎండ అని ఒప్పుకోం. "చూశావా, ఉక్కే లేదు. మనూరికంటే నయం," అన్నారు మావారు, నడినెత్తిన సూర్యుణ్ణి పెట్టుకుని ఫోటోలు తీస్తూ. చీర పొడిగా ఉంది కదా అని నేనూ నమ్మాను.

కాసేపటికి పిక్కలు పట్టేశాయి. తల బద్దలైపోతోంది. రెండు వాంతులయ్యాయి. "గ్యాస్ వదినా, పొద్దున పూరీలు తిన్నారుగా," అన్నాడు మరిది. పెద్ద వైద్యుడు! సాయంత్రం ఇంటికి చేరాక యూరిన్ కొద్దిగా వచ్చింది, కాఫీ డికాక్షన్ రంగులో. మర్నాడు పొద్దుట అసలు రాలేదు. నడుము నొప్పి మొదలైంది.

దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్ళారు. నాకు చెరో పక్కా అన్నదమ్ములు కూర్చున్నారు. డాక్టరు ఇంగ్లీషులో అడిగాడు, అదీ మావారిని చూస్తూ: "యూరిన్ సరిగ్గా పాస్ చేస్తున్నారా?"

"నార్మల్ డాక్టర్. అంతా నార్మల్," అన్నారు మావారు.

నేను నోరు తెరిచాను. మరిది నా వైపే చూస్తున్నాడు. మూసుకున్నాను. నా తప్పు ఇదీ, దాచను. నొప్పులకి పెయిన్‌కిల్లర్ ఇంజెక్షన్ చేసి, రెస్ట్ తీసుకోమని పంపేశారు.

ఆ మర్నాటికి మొహం వాచింది, ఆయాసం పట్టుకుంది. ఈసారి పెద్దాసుపత్రి. అక్కడ ఒక మలయాళీ నర్సు అన్నదమ్ములిద్దర్నీ బయటికి పొమ్మని, కర్టెన్ లాగి, నా చెవి దగ్గరికి వంగి అడిగింది. "మేడమ్, లాస్ట్ యూరిన్ ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం," అన్నాను. ఆవిడ పరుగెత్తింది.

ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ ఏడు దాటింది. "అక్యూట్ రీనల్ ఫెయిల్యూర్," అన్నాడు అక్కడి డాక్టరు. "డీహైడ్రేషన్, దాని మీద పెయిన్‌కిల్లర్. నిన్న ఆ క్లినిక్‌లో చెప్పి ఉంటే బహుశా సెలైన్‌తో పోయేది." మెడలో కెథీటర్ అనే గొట్టం పెట్టి డయాలిసిస్ మొదలుపెట్టారు. కిడ్నీలు మళ్ళీ పనిచేస్తాయా అని అడిగాను. "చేయొచ్చు. చేయకపోనూ వచ్చు. వెయిట్ చేద్దాం." చేయకపోతే వారానికి మూడు రోజులు ఆ మెషీన్ పక్కనే, బతికినంత కాలం. మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగ్ కేసి చూస్తూ పడుకోవడమే నా పని. మూడో డయాలిసిస్ అయ్యాక కెథీటర్‌కి ఇన్‌ఫెక్షన్ వచ్చి, చలిజ్వరంతో మంచం ఊగిపోయింది. యాంటీబయాటిక్స్ మార్చారు. తొమ్మిదో రోజు పొద్దున్నే నర్సు బ్యాగ్ పైకెత్తి చూపించింది. "మూడొందల ఎమ్మెల్ మేడమ్!" పిల్లలకి ఫస్ట్ క్లాసులొచ్చినా నేనంత ఏడవలేదు.

విజయవాడ వచ్చాక ఇక్కడి నెఫ్రాలజిస్ట్ పొటాషియం తగ్గించమన్నాడు, కొబ్బరినీళ్ళ నిండా అదేనట. అది విని కూడా చుట్టాలు కొబ్బరి బోండాలు మోసుకొచ్చారు. "వేడి చేసిందమ్మా, చలవ చెయ్యాలి!" డాక్టరుతో చెబితే "గుమ్మంలోంచే వెనక్కి పంపండమ్మా," అన్నాడు. పంపాను. కొందరు ఇప్పటికీ మాట్లాడరు. సుఖంగా ఉంది.

నాలుగేళ్ళయింది. క్రియాటినిన్ ఒకటీ పాయింట్ నాలుగు దగ్గర ఆగింది, అంతకంటే దిగదట. బీపీ మాత్ర వేసుకుంటాను, ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష, పెయిన్‌కిల్లర్ జోలికి పోను. పాఠాలు మానలేదు.

ఇది చదివే ఆడవాళ్ళకి ఒక్కటే చెబుతాను. డాక్టరు మీ ఒంటి గురించి ఎవర్ని అడిగినా, జవాబు మీరే చెప్పండి. పక్కన మగవాళ్ళున్నారని సిగ్గనిపిస్తే, వాళ్ళని బయటికి పంపండి. పోమంటే డాక్టరు చేత పంపించండి.

మావారిని ఆ నార్మల్ సంగతి ఇప్పటికీ అడుగుతుంటాను. "టెన్షన్లో ఏదో అన్నాన్లే, వదిలెయ్యవే," అంటారు. వదలను. నేను తలుపేసుకుని లోపల కూర్చుంటే, ఏం వచ్చిందో ఏం రాలేదో, హాల్లో పేపరు చదువుకుంటున్న మనిషికి ఎలా తెలిసింది?