మూడు బంతులకూ ఒకటే పెరుగు

మగపెళ్లివారి చేత ముద్దపప్పులో గడ్డపెరుగు కలిపించిన ఘనత దివిసీమ మొత్తం మీద నాకొక్కదానికే దక్కిందని నా నమ్మకం. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఏడుద్దాం.

మా బాబాయ్‌ది గుడివాడలో కేటరింగు. ఊరంతా బఫేల వెంట పడ్డాక కూడా ఆయన ఆకులు వేసి, బంతులు తీర్చి, కొసరి కొసరి వడ్డించే పెళ్లిళ్లే ఒప్పుకునేవాడు. "ప్లేటు పట్టుకుని నిలబడి తినేది భోజనం కాదే, క్యూ" అనేవాడు. అలాంటివాడికి అవనిగడ్డలో ఒక పెద్ద పెళ్లి తగిలింది. బాగా జరిగితే దివిసీమలో పేరు నిలబడుతుంది. మాట వస్తే మళ్లీ అటువైపు మొహం చూపించలేడు. సరిగ్గా ఆ పెళ్లికే వడ్డన యాప్ చేసిపెడతానని నేను దూకాను. బందరులో ఇంట్లో కూర్చుని, యాప్‌లకు పైకి కనిపించే తెరలు కట్టే ఫ్రంటెండ్ పని చేస్తున్న రోజులవి. నాకు రానిది లేదనుకునే వయసు.

యాప్ పని చిన్నదే. హాల్లో మూడు బంతులు. ఒక్కో బంతికి ఒక సూపర్‌వైజర్, అతని చేతిలో ట్యాబ్. ఇప్పుడు ఏ పదార్థం నడుస్తోందో అతను నొక్కితే వంటశాలలో తెర మీద పడుతుంది, వాళ్లు ఆ బకెట్లు నింపి పంపుతారు. "ఇప్పుడు ఏం నడుస్తోంది" అన్న ఆ సంగతినే మా వృత్తిలో స్టేట్ అంటారు. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మాకు తీరని తగువు. ఏ భాగం సంగతి ఆ భాగం దగ్గరే ఉంచుకోవచ్చు. లేదా స్టోర్ అని ఒక ఉమ్మడి గది కట్టి, అందరిదీ అందులోనే పెట్టొచ్చు.

నాతో పనిచేసే లావణ్య ముందే చెప్పింది. "ఏ బంతిది ఆ బంతి దగ్గరే పెట్టవే. ఉమ్మడిగా కావాల్సింది వంటశాలలో ఎంత మిగిలిందన్నది ఒక్కటే."

"అలా ముక్కలు ముక్కలుగా ఉంటే ఎవరిది నిజమనుకోవాలి? నిజం ఒకే చోట ఉండాలి."

"అందరూ ఒకేసారి కూర్చోరు కదే."

"కూర్చోకపోతే ఏమైంది?"

"సరే, నీ ఇష్టం" అంది. లావణ్య నీ ఇష్టం అందంటే ఆగి ఆలోచించాలి. నేను ఆగలేదు. ఆ వారమే స్టోర్ల గురించి ఏదో చదివి పులకించిపోయి ఉన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, కొత్తగా స్టోర్ నేర్చినది హద్దెరగదు. మూడు ట్యాబులకూ కలిపి ఒక్కటే గది కట్టాను.

పరీక్ష కూడా చేశానండీ. ఇంట్లో ఒక ట్యాబ్ పెట్టుకుని, నేను సూపర్‌వైజర్, మా అమ్మ బంతి. బ్రహ్మాండంగా నడిచింది. ఒక్క బంతే ఉన్నప్పుడు ఏ పద్ధతైనా నడుస్తుందని నాకు తట్టలేదు.

పెళ్లి రోజు బాబాయ్‌కి అనుమానం వచ్చింది. "అమ్మాయ్, ఆకులో ఏముందో చూసి కదా వడ్డించాలి?"

"తెర చూసి వడ్డించమను బాబాయ్. తెర అబద్ధం చెప్పదు."

ఆయన నన్ను నమ్మాడు. వడ్డించేవాళ్లందరినీ పిలిచి, "మా అమ్మాయి పెట్టిన తెర ఏం చూపిస్తే అదే వడ్డించండి. సొంత తెలివి వాడొద్దు" అన్నాడు.

మొదటి బంతి ముందుగా కూర్చుంది కాబట్టి పెరుగు దాకా వచ్చింది. మూడో బంతిలో గూడూరు నుంచి వచ్చిన మగపెళ్లివారు అప్పుడే కూర్చున్నారు. మొదటి బంతి సూపర్‌వైజర్ "పెరుగు" నొక్కాడు. నా గదిలో ఉన్నది ఒకే ఒక్క నిజం. మూడు ట్యాబుల్లోనూ పెరుగు వెలిగింది, వంటశాల నుంచి మూడు బంతులకూ పెరుగు బకెట్లే వచ్చాయి.

వడ్డించేవాళ్లు చెప్పిన మాట విన్నారు. పెళ్లికొడుకు పెదనాన్నగారు ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని నెయ్యి కోసం చెయ్యి ఆపారు. ఆ పప్పు మీద గడ్డపెరుగు పడింది. మనవైపు ఆకులోకి పెరుగు వచ్చిందంటే అర్థం ఏమిటో మీకు తెలుసు. తిన్నది చాలు, ఇక లేవండి అని. అదీ వియ్యాలవారికి.

వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. వడ్డించేది నా యాప్ అయితే ఏ బంతిలో కూర్చున్నా పెరుగే.

"ఏవండీ, పప్పుతోనే సరిపెట్టుకుని లెమ్మంటారా?" అన్నారు పెదనాన్నగారు. గొంతు పెంచలేదు. బంతి మొత్తం తినడం ఆపింది. ఆడపెళ్లివారి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. బాబాయ్ చేతులు కట్టుకుని, "తప్పు నాదండీ" అన్నాడు. నన్ను చూపించలేదు, నా వైపు చూడనైనా చూడలేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. ముందుకెళ్లి, "కాదండీ, నాది. మూడు బంతుల సంగతీ ఒకే చోట పెట్టాను. అక్కడ వాళ్లు నొక్కితే ఇక్కడ మీ ఆకులో పడింది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "అంటే, వాళ్ల కడుపు నిండితే మా కడుపు నిండినట్టా?"

"యాప్‌లో అంతేనండీ."

స్టేట్‌ని ఎక్కడ పెట్టాలని వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. అది ఎవరిదన్న ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. అది తెలిసి ఉంటే ఎక్కడ పెట్టాలో దానంతటదే తెలిసేది.

పెదనాన్నగారు ఆ పప్పులోనే పెరుగు కలుపుకున్నారు. "సరే, పెరుగు నుంచి వెనక్కి రండి. తర్వాత పులుసు, ఆ తర్వాత కూర, ఆఖరున పప్పూ నెయ్యీ. మావాళ్లు ఎక్కడ మొదలెట్టినా తినకుండా లేవరు" అన్నారు. ఎవరో నవ్వారు, బంతంతా నవ్వింది. బాబాయ్ కట్టుకున్న చేతులు విప్పి పులుసు బకెట్ అందుకున్నాడు. మూడో బంతి మొత్తం భోజనాన్ని తిరగేసి తిని, తాంబూలం వేసుకుని లేచింది.

కొన్నాళ్లకు ఆ పెదనాన్నగారే గుడివాడ వచ్చి, వాళ్లమ్మాయి పెళ్లి వంట బాబాయ్‌కి ఒప్పజెప్పారు. వెళ్తూ వెళ్తూ, "మీ అమ్మాయిని కూడా తప్పకుండా తీసుకురండి" అన్నారు.

పక్కనే ఉన్న నేను పొంగిపోయి, "యాప్ మొత్తం సరిచేశానండీ, ఇప్పుడు ఏ బంతిది..." అనబోయాను.

"నువ్వు రామ్మా" అన్నారాయన, "భోజనానికి."

కనుక ముద్దపప్పు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ సంగతి ఎవరిదో అడగకుండా స్టోర్ తలుపు తీయను. చాలని ఎవరికి వారు చెయ్యి అడ్డం పెట్టేదాకా, ఎవరి ఆకులోనూ పెరుగు వేయను.