నీడ పడితే పలికిన ట్రెమొలో

2022 వేసవి. కడపలో నా రిపేరు షాపు ముందు తారు రోడ్డు మీద ఎండ నీళ్లలా కదులుతోంది. ఓబులేసు అనే పెద్దాయన రాయచోటి బస్సు దిగి, ఆటోలో ఒక పాత వాల్వు ఆంప్లిఫయర్, గిటార్ తెచ్చాడు. ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడట.

"పొద్దున ఊగదప్పా, సాయంత్రం ఊగుతాది. ఇంట్లో ఎవురికీ తేడా తెల్యదు. నా చెవే పోతాండాదంటారు."

ఊగడమంటే ట్రెమొలో. గిటార్ శబ్దం అలలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వింటుంటే మధ్యాహ్నం మంచం మీద సగం నిద్రలో ఉన్నట్టుంటుంది. నాకు మహా ఇష్టం. ఆ సెట్టులో దాన్ని నడిపేవి ఒక నల్ల గొట్టంలో ఎదురెదురుగా ఉంటాయి: మినుకుమినుకుమనే నియాన్ దీపం, వెలుగు పడినప్పుడల్లా శబ్దాన్ని తగ్గించే ఎల్.డి.ఆర్ అనే చిన్న బిళ్ల.

లోపలి గదిలో పెట్టి వాయించాను. చక్కగా ఊగింది. కెపాసిటర్లన్నీ కొలిచాను, ఏ లోపమూ లేదు.

"సెట్టు బాగుండాదన్నా," అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. "అయితే చెవిదే తప్పు. గిటార్ ఎవురికన్నా ఇచ్చేస్తాలేప్పా."

నాకు మనసు చివుక్కుమంది.

వెళ్లేముందు ఒక్కసారి వాయించుకుంటానన్నాడు. సెట్టు అప్పటికే గుమ్మంలో ఉంది, వెనకవైపు రోడ్డుకు పెట్టి. అక్కడే వైరు తగిలించాను. తీగ మీటాడు. శబ్దం నీరసంగా, చదునుగా వచ్చింది. ఊపు లేదు.

"నాకూ వినపళ్లేదన్నా!" అని అరిచేశాను.

ఏమైందో చూద్దామని ఆయన తీగ మీటుతూనే గుమ్మం దాటి సెట్టు వెనక్కి వెళ్లాడు. ఆయన నీడ దాని మీద పడింది. శబ్దం మెల్లగా ఊగడం మొదలుపెట్టింది.

"కదలొద్దన్నా!"

వాల్వులు కాగుతున్నాయని వేసవి రాగానే వెనక చెక్క ఆయనే ఊడదీశాడట. ఇంట్లో సెట్టు ఉండేది తూర్పు కిటికీ పక్కన. లోపలి గొట్టమేమో ఎండకు పెళుసుబారి పగిలింది. పొద్దున ఇంట్లో, ఇక్కడ గుమ్మంలో, ఆ పగులులోంచి ఎండ సూటిగా ఎల్.డి.ఆర్ మీద పడి దీపం మినుకును మింగేసింది. కడప ఎండ మనుషుల నోళ్లే మూయిస్తుంది, ఇక ఆ చిన్న దీపం మినుకెంత!

పగిలిన గొట్టం మీద కొత్త నల్ల స్లీవు తొడగబోతుంటే ఓబులేసన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉండప్పా, ఇంకోసారి." తీగ మీటుతూ ఎండకు అడ్డం నిలబడ్డాడు, పక్కకు జరిగాడు, మళ్లీ అడ్డం వచ్చాడు. "వచ్చె... పాయె... వచ్చె..." నవ్వుతున్నాడు, కళ్లలో నీళ్లు. నేను తొందరపెట్టలేదు. తర్వాత స్లీవు తొడిగి, వెనక చెక్కకు గాలి ఆడేలా రంధ్రాలు పెట్టించుకోమని చెప్పి పంపాను.

ఇప్పుడు ఎవరు ఏ సెట్టు తెచ్చినా, ఇంట్లో అది ఎక్కడ ఉంటుందో ముందు అడుగుతాను. నా బల్ల మీద బాగా మోగినంత మాత్రాన, మనిషి చెవిని తప్పుపట్టను.