పార్సిల్ ఆఫీసుకొచ్చిన మడత పడవ

1942లో నేను హిందూపురం స్టేషన్లో పార్సిల్ క్లర్కుని. యుద్ధకాలం. ఎక్కడెక్కడో పట్టాలు పీకేస్తున్నారని రోజుకో వార్త. అనుమానం తగిలిన ఏ మూటనైనా విప్పి చూడమని మాకు ఉత్తర్వు. మామూలు రోజుల్లో రసీదు మీద ‘సెడ్ టు కంటైన్’ అని రాసేవాళ్లం. లోపల ఫలానాది ఉందని తెచ్చినవాడు చెప్పాడు, మేం చూడలేదు అని దాని అర్థం. ఆ ఏడు ఆ మాట రాయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు.

వానలు తగ్గాక ఒక పొద్దున, బడిలో డ్రాయింగు చెప్పే శామ్యూలు మాస్టరు రెండు పొడవాటి మూటలు జట్కాలో తెచ్చారు.

"లోపలేముండాది సార్?"

"పడవ."

"పడవ మూటలో యాడ పడుతుంది సార్?"

"విప్పి మడిచేదప్పా. కయాకు అంటారు. ఒక్క మనిషి కూర్చునే సన్న పడవ. వెదురు బద్దలు ఒకదాంట్లో, కాన్వాసు తొడుగు ఇంకోదాంట్లో. నేనే చేసుకున్న్యా. హొస్పేటకు పోయి తుంగభద్రలో దింపల్ల."

"ఏం పని మీద?"

"పనేం లేదు. ఊరికే."

ఆ మాటే నాకు మింగుడు పడలేదు. యుద్ధం జరుగుతుంటే ఊరికే నదిలో తిరిగేదెవరు? మొదటి మూట విప్పించాను. బద్దల మీద ఎర్ర రంగుతో అంకెలు. ఏది దేనికి తగిలించాలో గుర్తులన్నారు. నాకవి రహస్య లిపిలా కనిపించాయి. మైనం పోసి మూసిన డబ్బా ఒకటి ఉంటే మైనం పగలగొట్టించాను. అగ్గిపెట్టెలు, ఉప్పు, క్వినైన్ బిళ్లలు. పక్కన బొరుగులు, బెల్లం.

రెండో మూట దగ్గర ఆయన అడ్డుపడ్డారు. "అది వద్దప్పా. మళ్లా అంత బిగువుగా చుట్టేలోపల బండి పోతుంది."

దాచేదంతా అందులోనే ఉందనుకున్నాను. ఆయన వంగి మొదటి మూట కట్టుకుంటుండగా, బస్తాల్లోకి గుచ్చి చూసే ఇనుప దబ్బనం తీసి ఆ చుట్టలోకి పిడిదాకా దింపాను. గట్టిగా ఏదీ తగల్లేదు. రసీదు రాసిచ్చాను. ఆయన బండెక్కి పోయారు.

దబ్బనం తుడుస్తుంటే, నీళ్లు దిగకుండా కాన్వాసుకు పట్టించిన అవిసె నూనె, ఒక పోగు దానికి అంటుకుని ఉన్నాయి. వేరుశనగ బస్తాకైతే పోటు దానంతటదే పూడుకుంటుంది. పడవ తొడుగుకు పూడదు. నేను పొడిచింది ఎవరూ చూడలేదు. నదిలో ఏమైనా అయితే, సొంతంగా చేసుకున్న పడవ, అందుకే మునిగిందంటారు. ఈ ఆలోచన నాకు ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని, నా మీద నాకే భయమేసింది.

స్టేషన్ మాస్టరు దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. ఆయన తిట్టి, తంతి కొట్టించారు. బండి అప్పటికే పెనుకొండ దాటేసింది. ధర్మవరంలో ఇంజను నీళ్లు పట్టుకుంటుంది గనుక అక్కడికి పంపాం: ‘శామ్యూలు మాస్టరు పడవకు ఒక రంధ్రం. పార్సిల్ క్లర్కు పొడిచినాడు. చెప్పండి.’

పన్నెండు రోజులు ప్రతి బండికీ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. పదమూడో రోజు దిగారు, ఎండకు కమిలిన ముఖంతో.

"తంతి అందిందప్పా. ధర్మవరంలోనే దిగేసినా."

"తప్పయిపాయె సార్. ఒక్క పోటే పొడిచినా."

"పోటు ఒకటే. గుడ్డ మడతల్లో ఉండె గదా? పరిచి ఎండకు పట్టి చూస్తే ఏడు రంధ్రాలు."

ఒక్క పోటుకు ఎన్ని మడతలు తెగాయో అప్పుడు లెక్కేసుకున్నాను.

"నువ్వు ఒకటని చెప్పినావు. నిన్ను నమ్మబుద్ధి కాలేదు, అందుకే అంతా వెతికినా. పట్టుచీరలు పంపడానికొచ్చిన నేతాయన ఒకడు పాపం, సాయంత్రందాకా కూర్చోని రఫూ చేసిచ్చె. పైన మైనం రాసినా. ఒక్క చుక్క దిగల్యా."

"నది బాగుండెనా సార్?"

"బాగుండె. మొదటి దినం మాత్రం నేను నదిని చూడల్యా. పడవ అడుగునే తడుముకుంటా కూర్చున్న్యా."

అనుమానించడం మా ఉద్యోగంలో భాగమే. రిటైరయ్యేదాకా నేనది మానలేదు. కానీ ఆ తర్వాత ఏ మూటనైనా ఆసామి ఎదురుగానే, మొత్తం విప్పించి చూశాను. దానివల్ల బండి తప్పినవాళ్లున్నారు. వాళ్లు నిలబెట్టి తిడితే పడ్డాను.