నంబర్ ప్లేటు వెనక స్క్రూ

మా ఇంట్లో ఎవరిని అడిగినా ఒకటే కథ చెబుతారు: ఉద్యమం రోజుల్లో మా కారు వైరును ఎలుక కొరికిందట, అందుకే ఫ్యూజులు పోయేవట. చుట్టాలకు చెప్పేటప్పుడు మా ఆయన ఆ ఎలుక ఎంత పొడుగో చేత్తో చూపిస్తాడు కూడా. ఎలుకను చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నేను చూసింది స్క్రూను.

అప్పుడు మేం జనగామలో ఉన్నాం. మా ఆయనకు కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉండేది. మా అమ్మ మానుకోటలో ఒక్కతే ఉండేది. ఆమెకు ఎడమ కన్ను ఏనాడో పోయింది, కుడికంటి శుక్లం ముదిరింది. జనగామలో కంటి డాక్టరు మంగళవారం మాత్రమే ఆపరేషన్లు చేసేవాడు, అదీ పొద్దున్నే వస్తేనే. సమ్మెతో బస్సులు లేవు. రైళ్లను నమ్ముకునే పరిస్థితి లేదు. కారే దిక్కు.

మొదటి మంగళవారం చీకటితోనే బయలుదేరాం. పాలకుర్తి దాటాక ఒక గుంతలో బండి ఎగిరిపడింది. మీటర్ దగ్గరి లైటు పోయింది. దిగి చూస్తే వెనక లైట్లూ లేవు. మా ఆయన బండి మళ్లించాడు. "వెనుక లైట్లు లేకుంట లారీల ముందట పోతే అమ్మను తెచ్చుడు కాదు, మనల్ని తేవాలె ఎవరన్న" అన్నాడు. అమ్మకు ఆ తారీఖు తప్పింది. ఇంకా జాప్యం చేస్తే కంట్లో నీటి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుందని డాక్టరు ముందే చెప్పాడు.

ఆ రోజే ఇద్దరం మెకానిక్ దగ్గరికి పోయాం. ఈ మధ్య బండి వెనక ఏమైనా పని చేయించారా అని అతను అడిగాడు. ఏమీ లేదన్నాడు మా ఆయన. మెకానిక్ కాలిపోయిన ఫ్యూజు తీసి కొత్తది వేశాడు. రెండో మంగళవారం పాలకుర్తి కాదు గదా, ఊరి పొలిమేర కూడా దాటకముందే అదీ పోయింది.

నాకు మొదట అనుమానం మెకానిక్ మీదే. బండి మళ్లీ మళ్లీ తన దగ్గరికే రావాలని ఏదో పెట్టాడనుకున్నాను. తర్వాత మా మరిది మీద. అతను భూపాలపల్లిలో ఉద్యోగం చేసేవాడు, ర్యాలీ కోసం కారు తీసుకుపోయి, ఇదంతా మొదలవడానికి కొద్దిరోజుల ముందే తెచ్చి ఇచ్చాడు. నంబర్ ప్లేటు మీద ఏపీ పోయి టీజీ వచ్చింది కూడా అప్పుడే అని ఇంట్లో అందరం అనుకున్నాం. ఊళ్లో సగం బండ్లకు టీజీయే కాబట్టి దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

ఈసారి ఒక్కదాన్నే పోయి మెకానిక్ నెత్తిమీద నిలబడ్డాను. అతను తల ఎత్తకుండానే, "నామీద అనుమానముంటే కుర్సీ ఏసుకొని కూసో అక్కా, నిలవడితే కాళ్లు గుంజుతయ్" అన్నాడు. కుర్చీ వేసుకునే కూర్చున్నాను.

ఫ్యూజు ఉండాల్సిన చోట హెడ్‌లైటు బల్బు ఒకటి తగిలించి, లైట్ల స్విచ్చి వేశాడు. బల్బు భగ్గుమంది. వైరు ఎక్కడో బాడీకి తగులుతున్నంతసేపు అది అలాగే మండుతుందట; ఏది కదిలిస్తే మసకబడుతుందో తప్పు అక్కడ ఉన్నట్టట. ముందు వైర్లు కదిపాడు, వెనక బల్బులు ఒక్కొక్కటే పీకాడు. వెలుగు తగ్గలేదు. చివరికి డిక్కీ తలుపు ఎత్తాడు. మసకబడింది. దించాడు. మళ్లీ మండింది.

లోపలి అట్ట ఊడదీస్తే తెలిసింది. నంబర్ ప్లేటు బిగించిన స్క్రూ రేకును దాటి లోపలికి పొడుచుకొచ్చి, ప్లేటు దగ్గరి లైటు వైరును గీకేసింది. అతను దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. "గిది బండి స్క్రూ గాదక్కా. గోడకు కొట్టేది. షాపుల బిగించింది గాదు, ఎవరో ఇంట్లనే బిగించుకున్నరు."

మరిదికి ఫోన్ చేసి కడిగేశాను. అతను అంతా విని, "వదినా, నేను తీస్కపోయిననాడే టీజీ ఉండె. నువ్వే మార్పిచ్చినవనుకున్న. అన్న గసొంటియి ముడ్తడా?" అన్నాడు.

నేనూ అదే అనుకునేదాన్ని. మా ఆయనకు సరుకు బెజవాడ నుంచి వచ్చేది. రాష్ట్రమొస్తే మనకేం ఒరుగుతుందని రోజూ అన్నం దగ్గర నాతో వాదించేవాడు. దీక్షా శిబిరంలో కూర్చొని వస్తే, "అయిపోయిందా ఉద్యోగం" అని ఎత్తిపొడిచేవాడు. కానీ ఆ దుకాణంలో అరలు బిగించిన స్క్రూలు సరిగ్గా అలాంటివే. పోయి పక్కన పెట్టి చూశాను.

అడిగితే స్క్రూ వంక చూడనైనా లేదు. "ఎలుక కొరికితే గూడ వైరు గట్లనే అయితది" అన్నాడు. ఎలుక పుట్టింది అక్కడ.

మూడో మంగళవారం అమ్మను తెచ్చాం. ఆపరేషన్ అయింది. ఇప్పుడు మనుషులను గుర్తుపడుతుంది కానీ, బియ్యంలో రాళ్లు కనిపించవు. రెండు వారాలు ముందు తెస్తే బాగుండేదని డాక్టరు అన్నప్పుడు మా ఆయన మందుల చీటీ చదువుతున్నాడు.

రాష్ట్రం కావాలనుకోవడం తప్పు కాదు. బెజవాడ వ్యాపారులు అడిగితే తమ్ముడి మీద తోసేద్దామనుకున్నాడేమో, దాన్నీ అర్థం చేసుకుంటాను. కానీ వెనక ఏం పని చేయించారని మెకానిక్ అడిగిన రోజు పక్కన నేను తప్ప ఎవరూ లేరు. ప్లేటు నేనే మార్చాను అన్న ఒక్క మాట చాలు. వాదంలో నా ముందు ఓడిపోవడం మా అమ్మ కంటికంటే పెద్ద నష్టమని తోచిందా ఆయనకు?